కార్లు రాని దారి

నాకు ఏదైనా తెలియకపోతే ముందు లైబ్రరీకి వెళ్తాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని. పెళ్ళయి జర్మనీలోని జిండెల్ఫింగెన్ వచ్చాక, చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి జర్మన్ నేర్చుకున్నాను. ఏ క్లాసుకూ వెళ్ళలేదు. ఊరి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీయే నా కాలేజీ. రొట్టెల పిండి ఎందుకు పొంగుతుందో, ఇంటి అద్దె ఒప్పందంలో ఏ మాట దగ్గర జాగ్రత్తపడాలో, బాల్కనీలో కరివేపాకు మొక్కను చలికాలం ఎలా దాటించాలో అన్నీ అక్కడే తెలుసుకున్నాను. మావారి స్నేహితుల భార్యలు ఎంటెక్‌లు చేసినవాళ్ళు. వాళ్ళకు సందేహం వస్తే నాకు ఫోన్ చేసేవారు. ఆ సంగతి నేనెంత తేలిగ్గా చెప్పినా, లోపల గర్వంగానే ఉండేది.

అందుకే మావారు గుమ్మం దాటడం మానేసినప్పుడు కూడా నేను లైబ్రరీకే వెళ్ళాను.

ఆయనది కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. పని కార్లది, ప్రయాణం మాత్రం ఎప్పుడూ సైకిల్ మీదే. మంచు పడినా, వాన కొట్టినా అంతే. నాకు సైకిల్ నేర్పింది కూడా ఆయనే. ఆదివారాలు సూపర్‌మార్కెట్లన్నీ మూసి ఉంటాయి కదా, ఖాళీ పార్కింగ్‌లో సీటు వెనక పట్టుకుని పరుగెత్తేవారు. "ముందుకు చూడవే బాబూ, నా వైపు కాదు! నేనేమన్నా సినిమా హీరోనా?" అని అరిచేవారు. ఆయన ఎప్పుడు చెయ్యి వదిలేశారో నాకు తెలియనేలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక ఉదయం ఆఫీసుకు వెళ్తుంటే, కుడివైపు తిరుగుతున్న వ్యాన్ ఒకటి ఆయన్ని గుద్దింది. గుద్ది, పక్కకు తిరిగి, బస్‌స్టాప్ అద్దాల గోడలోకి దూసుకుపోయింది. ఆయనకు భుజం ఎముక విరిగింది. అతుక్కుంది కూడా. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక మామూలుగా తిరగొచ్చన్నారు. కానీ ఆయన వీధి తలుపు దాకా వచ్చి, బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, అక్కడే నిలబడిపోయేవారు. ఏమైందంటే ఒకటే మాట. "కార్లు."

కిటికీ రోలాడెన్ షట్టరు సగం దించుకుని పడగ్గదిలోనే ఆఫీసు పని చేసుకునేవారు. నవ్వు పోయింది, పోట్లాట కూడా పోయింది. థెరపిస్టు అపాయింట్‌మెంట్ కోసం నేను ఎన్ని చోట్లకు ఫోన్ చేసినా వెయిటింగ్ లిస్టులో పెడతామనే అన్నారు. నా మనిషి నాకు మళ్ళీ బయట కావాలి. ఎండలో, గాలిలో, సైకిల్ మీద కావాలి. నేను కోరుకున్నది అదొక్కటే.

లైబ్రరీలో కూర్చుని ఆలోచించాను. ఆయనకు కార్లంటే భయం. కార్లే లేని చోటికి తీసుకెళ్తే భయం ఉండదు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళు ఎవరికీ తట్టలేదే అనుకున్నాను. సైకిల్ పుస్తకాల అర దగ్గరికి వెళ్తే ఫ్రాన్స్ దొరికింది. అక్కడి పల్లెల్లో రైళ్ళు ఆగిపోయిన చోట పట్టాలు తీసేసి, సన్న కంకర పరిచి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేశారట. పడవలు రాని కాలువ గట్లూ అంతే. ద్రాక్షతోటల మధ్య, అడవుల అంచున రోజంతా వెళ్ళినా ఒక్క ఇంజను ఎదురుకాదు. మొదట్లో అడ్డంగా గేటు ఉంటుంది, కారు దూరడానికి వీలుండదు. వాటికి వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్ళు కావాలి, గాలి కాస్త తక్కువ పెట్టుకోవాలి. అన్నీ చదివాను. రాత్రి భోజనాల దగ్గర తెలుగులో ఆయనకు చెప్పేదాన్ని. చాలా రోజులు వింటూ ఊరుకున్నారు. ఒకరోజు పెరుగన్నం కలుపుతూ, "టైరు ఎంత వెడల్పుండాలంటావ్?" అన్నారు. నేను వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కళ్ళు తుడుచుకుని వచ్చాను.

పాతవి రెండు సైకిళ్ళు కొన్నాం. తన కారులో తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నది మావారి ఆఫీసు స్నేహితుడు, వరంగల్ వైపు మనిషి. సైకిళ్ళను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కంకర మీద పోనీకి వేరే సైకిలా వదినా? మా ఊరి రోడ్లన్ని గవ్వే. మా బాపు పాల క్యాన్లు కట్టుకొని గా రోడ్ల మీదనే పొయ్యేటోడు. పుట్టుకతోనే గ్రావెల్ బైకర్లం మేము!"

"మరి నువ్వూ కొనుక్కో బాబూ."

"నాకెందుకు? కారు కొన్నదే గా కంకర తప్పించుకోనీకి."

మావారు నవ్వలేదు గానీ పెదవి కదిలింది.

కారులో కూర్చోవడమే ఆయనకు పెద్ద పరీక్ష. వెనక సీట్లో కళ్ళు మూసుకుని, నా చేతి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకున్నారు. రైన్ నది దాటి ఫ్రాన్స్‌లోకి వచ్చామని చెప్పినా కళ్ళు తెరవలేదు. అల్సాస్‌లో ఒక చిన్న ఊరి చివర కారు ఆగింది. ఎదురుగా కాలువ, గట్టు మీద చెట్ల వరస, అడ్డంగా తెల్ల గేటు, కార్లు రాకూడదన్న బోర్డు. పుస్తకంలో ఉన్నట్టే ఉంది. నాకు ఆ గేటుకు దణ్ణం పెట్టాలనిపించింది.

స్నేహితుడు జేబుల్లోంచి నిమ్మకాయలు తీశాడు. "కొత్త బండ్లకు నిమ్మకాయలు తొక్కియ్యకుండ ఎట్ల పోతరు? పుస్తకంల రాయలేదా వదినా?"

"పాత బండ్లురా ఇవి," అన్నారు మావారు.

"నీకు కొత్తయే గదన్నా. ఎక్కు ఎక్కు."

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. కుక్కను తిప్పుతున్న ఫ్రెంచి ముసలాయన ఆగి, చాలా మర్యాదగా మమ్మల్ని చూస్తున్నాడు. మావారు సైకిల్ ఎక్కి తొక్కారు. నిమ్మకాయ చితికి, రసం చిమ్మి స్నేహితుడి ప్యాంటు మీద పడింది. ఆయన నవ్వారు. పైకి వినబడేలా, పాత నవ్వు. గేటు పక్కనుంచి దూరి ముందుకు వెళ్ళిపోయారు. "అవతలి కొస కాడ కారు పెట్టుకొని ఉంటా," అంటూ స్నేహితుడు చెయ్యూపి వెళ్ళాడు.

మొదట కొంత దూరం తారు వేసి ఉంది. ఆయన ముందు, నేను వెనక. కాలువలో బాతులు. ఆయన వీపు తేలికపడిందని చొక్కా చూసే చెప్పగలను. "ఏవండీ, ఎలా ఉంది?" అని అరిస్తే, హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి ఊపారు. నేను గెలిచాననుకున్నాను. రేపు ఫోన్లలో అందరికీ ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుంటున్నాను.

అక్కడ తారు అయిపోయి కంకర మొదలైంది.

ఆయన పడలేదు. కంకర మీదే చెట్ల మలుపు దాటేదాకా తొక్కి, మెల్లిగా ఆగి, దిగి, గట్టు వాలులో గడ్డి మీద కూర్చుండిపోయారు. ముఖమంతా చెమటలు. నేను సైకిల్ పడేసి వెళ్ళాను. ముందుకూ వెనక్కూ చూశాను. కారు లేదు, మనిషి లేడు, చెట్లు తప్ప ఏమీ లేదు.

"ఏమైందండీ? ఇక్కడ ఏమీ రావు. చూడండి, ఏమీ లేదు."

"తెలుసు." కంకర వైపు చూపించారు. "చప్పుడే."

"ఏం చప్పుడు?"

"ఆ రోజు బస్‌స్టాప్ అద్దమంతా రోడ్డు మీద పోసినట్టుంది. పటికబెల్లం ముక్కల్లాగ. నేను వాటి మధ్య పడున్నాను. కార్లు ఆగలేదే. మెల్లిగా దాని మీంచి పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి. నా చెవి పక్కనే. ఇదిగో, ఇదే చప్పుడు."

"మరి ఇన్నాళ్ళూ కార్లు అన్నారు?"

"నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు కార్లు లేవుగా."

ఇంటికి వచ్చాక, వాపసు ఇచ్చేముందు ఆ పుస్తకాలు తిరగేశాను. ఒకదాంట్లో మొదటి పేజీలోనే ఉంది, టైరు కింద కంకర నలిగే చప్పుడు ఎంత హాయిగా ఉంటుందో. రచయిత ఒక పేరా అంతా దాని గురించే రాశాడు. నేను అది చదవలేదు. నాకు వర్ణనలు దాటేసే అలవాటు. పనికొచ్చే సంగతి ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోతాను. ఇన్నేళ్ళూ అలాగే చదివాను.

మేమింకా ఆ గట్టు మీద కూర్చుని ఉండగానే నా ఫోన్ మోగింది. స్నేహితుడు.

"ఏడిదాంక వచ్చిన్రు వదినా?"

"మొదటికే వచ్చెయ్యి బాబూ. వెనక్కి వస్తున్నాం."

"ఏమైంది, పంక్చరా?"

"ఆఁ. పంక్చరే."

"పుస్తకం చదివి అన్ని సామాన్లు కొంటివి గద! అతికియ్యరాదా?"

"అతకట్లేదు," అన్నాను.

మావారు లేచారు. సైకిల్ నడిపించలేదు, ఎత్తి, విరిగి అతుక్కున్న భుజం మీదే పెట్టుకున్నారు. బరువు మోయగలిగేంత బాగా అతుక్కుంది ఎముక. గడ్డి అంచునే నడవడం మొదలుపెట్టారు. నేను నా సైకిల్ లేపి కంకర మీద నడిపిస్తూ ఆయన వెనక కదిలాను. రెండడుగులు వేశానో లేదో ఆగిపోయారు.

"నువ్వు కాస్త దూరంగా రా." ఇటు తిరగకుండానే అన్నారు. "కోపం కాదే. నీ సైకిలు..."

"సరేనండీ. వెళ్ళండి."

ఆయన వెళ్తుంటే నిలబడ్డాను. చాలా దూరం వెళ్ళారనుకుని ఒక అడుగు వేశాను. చెప్పు కింద కంకర నలిగింది. ఆయన తల కొంచెం పక్కకు తిరిగింది. ఆ దారిలో చప్పుడు చేసేవి ఇంకేమీ లేవు, నేను తప్ప. చెట్ల మలుపు తిరిగి ఆయన కనబడకుండా పోయేదాకా కాలు కదపకుండా అక్కడే నిలబడ్డాను.