చీర పెట్టెలో గ్లైడర్‌తో చోడవరం

మొన్న ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం ఆరుంపావుకి సామర్లకోట స్టేషన్‌లో విశాఖపట్నం వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. భుజానికి బట్టల సంచి, ఎడమ చేతిలో ఒక అట్టపెట్టె. అది మా ఆవిడ పట్టుచీర వచ్చిన పెట్టె. అందులో దూది పరిచి, బాగా తేలికైన బల్సా చెక్కతో చేసిన చిన్న గ్లైడర్, అంటే ఇంజను లేని విమానం బొమ్మ, పడుకోబెట్టాను. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి రెండు జానలకు కొంచెం తక్కువ. ఏటవాలుగా పెడితేనే పట్టింది. బరువు ఒక నిమ్మకాయంత కూడా ఉండదు. దాన్ని చోడవరంలో ఒక రాకెట్ మీద ఎక్కించి ఆకాశంలోకి పంపాలి. ఆ రాకెట్ సన్యాసిరావు దగ్గరుంది.

ముందు సన్యాసిరావు గురించి చెప్పాలి. నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైన ఏడాదిలోపే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నెలన్నర పాటు వ్యాయామాలు చేయించారు. పక్క కుర్చీలో కూర్చునేవాడు సన్యాసిరావు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసినవాడు. ఆయనకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. ఇద్దరికీ రోజూ పళ్లెంలో శనగలు పోసి, ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వెయ్యమనేవారు. మూడోనాడు ఆయన పళ్లెం పక్కకి నెట్టేశాడు.

"ముప్పై ఏళ్లు మిల్లు బోల్టులు బిగించిన సేతులు మేస్టారూ ఇవి. సెనగలేరమంతన్నారు. పనికొచ్చేదేదైనా సేద్దాం రండి," అన్నాడు.

నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఒక కోరిక ఉండేది. నిట్టనిలువుగా లేచే రాకెట్ ఒక గ్లైడర్‌ని మోసుకెళ్లి, పైన వదిలిపెడితే, అది తీరుబడిగా తేలుతూ దిగాలి. పిల్లలతో చేయించాలనుకుంటూనే సర్వీసు అయిపోయింది. ఆ మాట చెప్పగానే సన్యాసిరావు శనగలు గిన్నెలోకి ఒంపి, పళ్లెం వెనక్కి తిప్పి, దాని మీద తడివేలితో బొమ్మ గీయమన్నాడు. అలా మొదలైంది. మందుగుండు జోలికి పోకూడదని, గాలి ఒత్తిడితో లేచే నీళ్ల రాకెట్ చెయ్యాలని అనుకున్నాం. కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి వదిలితే, నీళ్లు కిందికి చిమ్మి సీసా పైకి లేస్తుంది. రాకెట్టు, దాన్ని నిలబెట్టే స్టాండు ఆయన పని. గ్లైడరు నా పని.

ఇళ్లకి వెళ్లాక ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. నేను బల్సా పలకలు పోస్టులో తెప్పించుకున్నాను. గోరుతో గట్టిగా నొక్కితే సొట్ట పడేంత మెత్తని చెక్క అది. కుడిచేత్తో గరుకు కాగితం పట్టుకుని రెక్క అంచు రుద్దడం నాకు శనగల కంటే బాగా పనిచేసింది. మొదటి మూడు గ్లైడర్లు ముక్కలయ్యాయి. నాలుగోది మా వీధిలో ఇరవై అడుగులు తేలింది.

డిసెంబరులో సన్యాసిరావు ఫోన్లు ఆగిపోయాయి. జనవరి చివర ఆయన భార్య నూకరత్నం ఫోను చేసింది. "మేస్టారూ, ఈదిలో జారి పడిపోనాడు. దెబ్బేటీ తగల్నేదు గానీ నలుగురూ సూసి నవ్వేరంట. ఆ రోజు నుంచీ గడప దాట్నేదు. మీరొక్కపాలి రండి," అంది. నేను వెళ్తే మాత్రం ఏం జరుగుతుందో నాకు తెలియలేదు. అయినా వస్తానన్నాను.

రైల్లో పిఠాపురం దాటేవరకు కిటికీ పక్కనే కూర్చున్నాను. అన్నవరంలో జనం ఎక్కారు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ నా పెట్టె వంక చూసి, "పెళ్లి చీరేటి బాబూ?" అని అడిగింది. కాదు, విమానం అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అయితే జాగర్తగా పట్టుకో. తునిలో తోసుకుంటారు," అంది. నిజంగానే తునిలో తోసుకున్నారు. ఆవిడ లేచి నిలబడి, దిగేవాళ్లకీ నా పెట్టెకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టింది.

ఎనిమిదీ నలభైకి అనకాపల్లిలో దిగాను. బస్టాండు దగ్గర రెండిడ్లీలు తిని, తొమ్మిదిన్నరకి చోడవరం బస్సెక్కాను. ఇటు వెళ్లేవారికి ఒక మాట: చెరకు సీజనులో ఈ దారిన గంట పట్టినా ఆశ్చర్యపోకండి. ముందు ఎప్పుడూ ఒక చెరకు ట్రాక్టరు ఉంటుంది, దాన్ని దాటితే ఇంకొకటి ఉంటుంది. పెళుసు సామాను ఉంటే ఒళ్లోనే పెట్టుకోండి. సీటు దొరక్క నేను పెట్టెని డ్రైవరు వెనక ఉన్న చోట నిలబెట్టాను. తుమ్మపాల దాటాక ట్రాక్టరు మీంచి ఒక చెరకు మోపు రోడ్డు మీద పడింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. పక్కనున్న బియ్యం బస్తా ఒరిగి నా పెట్టె మీద పడింది.

చిన్న చప్పుడైంది. అప్పడం విరిగినంత చప్పుడు. నాకు మాత్రం బస్సంతా వినిపించినట్టే అనిపించింది. మూత తీసి చూసే ధైర్యం లేక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

పదిన్నరకి చోడవరంలో దిగి ఆటోలో సన్యాసిరావు ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి కూర్చుండిపోయాడు. "ఎందుకొచ్చేరు మేస్టారూ ఇంత దూరం," అన్నాడు. పెట్టె ఆయన ఒళ్లో పెట్టి మూత తీశాను. కుడి రెక్క మధ్యకి చీలి వేలాడుతోంది.

నా ఆరు వారాల పని అది. మళ్లీ సామర్లకోట వెళ్లి కొత్తది చెయ్యాలేమో అనుకుంటున్నాను. ఆయన ముందుకి వంగి, చీలికని కుడిచేత్తో దగ్గరకి నొక్కి చూశాడు.

"నూకా, ఆ ఫెవికాల్ డబ్బా అట్రా," అని కేకేశాడు.

నా ఎడమ చెయ్యి గట్టిది, ఆయన కుడి చెయ్యి గట్టిది. నేను రెక్కని బల్ల మీద అదిమి పట్టాను. ఆయన అగ్గిపుల్లతో చీలికలోకి జిగురు ఎక్కించాడు. పైన పల్చటి కాగితం ముక్క అంటించి, రెండు వైపులా బట్టల క్లిప్పులు పెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో నేను ఊపిరి బిగబడితే, "ఊపిరి బిగబట్టకండి. బోల్టు బిగించినప్పుడు కూడా ఊపిరి తియ్యాల," అన్నాడు. ఆసుపత్రిలో ఎవరూ నాకు ఆ సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నం నూకరత్నం చేపల పులుసుతో భోజనం పెట్టింది. తర్వాత ఆయన మంచం కింద నుంచి రాకెట్టు తీసి చూపించాడు. సీసాకి అట్టతో మూడు రెక్కలు, పైన కోసుగా ముక్కు. పక్కన ఒక కొక్కెం, దానికి రబ్బరు బ్యాండు. ఆ కొక్కేనికే గ్లైడరు తగిలించాలి. రాకెట్టు పైకి చేరాక గ్లైడర్‌ని వదలాలి కదా, దానికి ఆయన చేసిన ఏర్పాటు చూసి నేను తెల్లబోయాను. తాళమిచ్చే బొమ్మ కారులోంచి స్ప్రింగు చక్రం ఊడదీసి పెట్టాడు. రాకెట్టు లేస్తూనే ఒక దారం తెగి చక్రం తిరగడం మొదలుపెడుతుంది. కొన్ని క్షణాల్లో అది రబ్బరు బ్యాండుని జార్చేస్తుంది. గ్లైడరు విడిపోతుంది, రాకెట్టు మెల్లగా దిగడానికి ప్లాస్టిక్ కవరుతో చేసిన గొడుగు కూడా తెరుచుకుంటుంది. ఇదంతా డిసెంబరులోపే పూర్తిచేసి, మంచం కిందకి తోసేశాడు.

"డాబా మీంచే ఒదిలీద్దాం," అన్నాడు. చుట్టూ కరెంటు తీగలున్నాయి, గ్లైడరు చిక్కుకుంటుంది, ఖాళీ పొలం కావాలన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. "జనం ఉంతారు మేస్టారూ."

"తెల్లారగట్ల ఎవులుంతారు? మా తమ్ముడి సేను నరికీసేరు. నాను అడిగీసేను," అంది నూకరత్నం.

తెల్లారగానే ఆటో తీసుకొస్తానని చెప్పి లేచాను. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని పెందరాళే పడుకున్నాను. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది.

శనివారం ఉదయం ఆరున్నరకి ఆటో తీసుకుని వెళ్లేసరికి సన్యాసిరావు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాడు. గోవాడ వెళ్లే రోడ్డులో పది నిమిషాలు పోయాక నూకరత్నం తమ్ముడి పొలం వచ్చింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. గ్లైడర్‌కి అంతకంటే ఏం కావాలి? నరికిన చేను నిండా ఎండిన చెరకు ఆకు మెత్తగా పరుచుకుని ఉంది. కానీ పక్క చేలో చెరకు కొడుతున్న కూలీలు అప్పటికే పనిలోకి దిగారు. పదిమంది దాకా ఉంటారు. సన్యాసిరావు ఆటోలోంచి దిగకుండా వాళ్లవైపు చూశాడు. నేను స్టాండు దించి గట్టు మీద పెట్టాను. రెండు నిమిషాల తర్వాత తనే దిగాడు.

స్టాండు పాతాం, సీసాలో నీళ్లు పోశాం. పంపు కొట్టడానికి రెండు చేతులూ బాగుండాలి. నూకరత్నం చీర కొంగు బొడ్లో దోపి పంపు అందుకుంది. ముప్పై సార్లు కొట్టింది. నేను గ్లైడరు తగిలించాను. స్టాండు పట్టు విడిపించే దారం సన్యాసిరావు లాగాడు.

ఒక్కసారి బుస్సుమంది. నీళ్లు మా ముగ్గురి మీదా చిమ్మాయి. రాకెట్టు ఇంకా తాటిచెట్టంత ఎత్తుకి వెళ్లకుండానే గ్లైడరు ఊడిపోయింది. ఆ వేగానికి రెండు పల్టీలు కొట్టి, తలకిందులుగా వచ్చి ఆకులో పడింది. పక్క చేలోంచి పకపకా నవ్వులు వినిపించాయి.

సన్యాసిరావు ముఖం నల్లబడింది. "సాల్లెండి మేస్టారూ, ఎల్లిపోదాం," అని ఆటో వైపు తిరిగాడు.

నేను పరుగులాంటి నడకతో వెళ్లి గ్లైడర్‌ని తీశాను. అతికించిన రెక్క చెక్కుచెదరలేదు. తోక కాస్త వంగిందంతే. అది చెప్పేలోపే నూకరత్నం భర్తకి అడ్డంగా నిలబడింది. "కొత్త మిసను బిగించినప్పుడు మొదటిపాలికే సక్కగా తిరిగీసిందేటి? నువ్వే కదా సెప్పీవోడివి, మూడు దినాలు ఇప్పి బిగించేమని. ఇప్పుడేటి తొందర?"

ఆయన ఆగాడు. తర్వాత నా చేతిలోంచి గ్లైడర్‌ని, గొడుగుతో దిగిన రాకెట్‌ని తీసుకుని గట్టు మీద కూర్చున్నాడు. వంగిన తోక సరిచేసి, చక్రం చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు. "తాళం తక్కువిచ్చేను. మూడు సుట్లిచ్చేను, అయిదియ్యాల," అన్నాడు. ఆ గొంతులో దిగులు లేదు. పని చేసేవాడి గొంతు అది.

ఈలోగా కూలీల్లోంచి ఒకామె చెరకు కత్తి భుజాన వేసుకుని గట్టు మీదకి వచ్చింది. "అన్నా, మళ్లీ ఒదుల్తావేటి? మావోలందరూ సూత్తారంట," అంది. సన్యాసిరావు తలెత్తి చూశాడు. వాళ్లంతా పని ఆపి నిలబడి ఉన్నారు. ఎగతాళి చేద్దామని కాదు, చూడాలనే.

"ఒదుల్తాను. కొంచెం దూరంగా నిలబడండి. నీళ్లు సిమ్ముతాయి," అన్నాడు.

ఏడూ ఇరవైకి రెండోసారి వదిలాం. ఈసారి నూకరత్నం నలభై కొట్టింది. రాకెట్టు లేచింది, లేస్తూనే పోయింది. తెల్లటి నీళ్ల తోక ఎండలో మెరిసి మాయమైంది. పైన అది నెమ్మదించి, ఇక ఒరిగిపోతుందనగా పక్క నుంచి చిన్న పుల్లలాంటిది విడివడింది. ఒక్క క్షణం ముక్కు కిందికి వాల్చింది. తర్వాత రెక్కలు గాలిని పట్టుకున్నాయి. ముక్కు సరిచేసుకుని, పెద్ద వలయం తిరుగుతూ, ఏ చప్పుడూ లేకుండా మా తలల మీదుగా తేలుతూ వెళ్లింది. కూలీలు ఈలలు వేశారు. నేను వాచీ చూడటం మరిచిపోయాను. అరనిమిషం పైనే ఉంటుంది.

అది చేను దాటి, అవతల గట్టుకి దగ్గరగా ఆకుల మీద దిగింది. నేను అటు కదిలేలోపే సన్యాసిరావు నడవడం మొదలుపెట్టాడు. కర్ర ఊనుకుంటూ, ఎడమకాలు ఈడుస్తూ, చెరకు మోళ్ల మధ్య అడుగు చూసి వేస్తూ వెళ్తున్నాడు. నూకరత్నం వెంట వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒకసారి తూలాడు, నిలదొక్కుకున్నాడు. కూలీల్లో ఎవరూ నవ్వలేదు. ఆయన వెళ్లి రావడానికి పావుగంట పట్టింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. గ్లైడర్‌ని రొమ్ముకి ఆనించి పట్టుకుని తెచ్చాడు.

"దీనికి తోక బరువు కొంచెం తగ్గించాల మేస్టారూ," అన్నాడు.

తొమ్మిదికి ఇంటికి చేరి దిబ్బరొట్టె, బెల్లం పాకం తిన్నాం. గ్లైడర్‌ని ఆయన దగ్గరే వదిలేశాను. పదిన్నరకి బస్సు, పన్నెండున్నరకి అనకాపల్లిలో రైలు. తిరుగు ప్రయాణంలో చేతిలో ఏమీ లేకపోతే సుఖంగా ఉంటుందనుకున్నాను గానీ, నర్సీపట్నం రోడ్డు స్టేషన్ దాటేవరకు నా చేతులు ఏదో వెతుక్కుంటున్నట్టే ఉన్నాయి. రోగం వచ్చాక నన్ను అందరూ బాగా చూసుకున్నారు, జాగ్రత్తలు చెప్పారు. నాతో కలిసి ఒక పని చేసినవాడు మాత్రం సన్యాసిరావు ఒక్కడే. ఆయనకి ఏదో సాయం చేయడానికని బయల్దేరినవాణ్ణి, నాకే అవసరమైన చోటుకి వెళ్లి వచ్చానని తుని దాటాక తెలిసింది.

రెండు గంటలకి అన్నవరం వస్తుండగా, సామర్లకోటలో దిగేలోపు ఒక మాట చెబుదామని ఫోను చేశాను. నూకరత్నం ఎత్తింది.

"ఇంట్లో లేడు మేస్టారూ. అనకాపల్లి ఎల్లిపోనాడు. ఇంకో బొమ్మ కారు కొనాలంట, పెద్ద స్ప్రింగుది."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. బస్సెక్కీసి ఎల్లిపోనాడు. నానూ వత్తానంటే, నీకేటి పని, ఇంటికాడుండు అన్నాడు."

ఆ మాట కాస్త కోపంగానే చెప్పింది. ఫోను పెట్టేముందు మాత్రం నవ్వింది.