పదిహేడో వరుస మీద నీడ

"శీను అన్నా, నాన్న ప్రభువునందు నిద్రించారు."

పోయిన వారం పొద్దున్నే దేవదానం గారి కూతురు కరుణ ఫోన్‌లో అన్న మాట ఇది. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్క కుర్చీలోనే కూర్చునే నేను ఆ మాటను నమ్మలేకపోయాను. మా సోలార్ కేంద్రం కంట్రోల్ రూములో, తెర మీద ఉత్పత్తి గీత రోజూలాగే పైకి ఎక్కుతోంది. ఆయన లేకుండా అది ఎక్కుతున్నందుకు దాని మీద కోపం వచ్చింది.

అద్దంకి దాటాక, ఉప్పు తేలి పత్తి సరిగా పండని చేలలో మా ప్యానెళ్లు పరిచి ఉంటాయి. ఒకప్పుడు ఆ చేలలోనే కూలికి పత్తి తీసిన దేవదానం గారు ఐటీఐ చదివి, అక్కడే షిఫ్టు ఇన్‌ఛార్జి అయ్యారు. "ఈ ఎండలో మా అమ్మ మిరపకాయలు కోసింది. ఇప్పుడీ ఎండే గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో కాయని చల్లగా ఉంచుతుంది" అని ఊరివాళ్లతో గర్వంగా అనేవారు. మనం పంపే కరెంటు మేరకు ఎక్కడో బొగ్గు మండకుండా మిగులుతుందనీ, పొద్దు వాలేటప్పుడు మన భారాన్ని ఇంకో విద్యుత్ కేంద్రం వాళ్లు అందుకోవాలనీ, మన లెక్క అబద్ధమైతే వాళ్లు ఇబ్బంది పడతారనీ నాకు నూరిపోశారు. "ఉత్పత్తి తగ్గితే తప్పు కాదురా. ఎందుకు తగ్గిందో రాయకపోతే తప్పు" అన్నది ఆయన నిత్యోపదేశం.

ఆ సత్యనిష్ఠ ఆయన సొంత మనుషులను కూడా మినహాయించలేదు. మా కంచెకు పడమటి పక్క క్రైస్తవుల సమాధుల తోట ఉంది. అక్కడ ఆయన భార్య సలోమి గారి సమాధికి ఒక వేపచెట్టు నీడనిచ్చేది. సాయంత్రానికి ఆ నీడ పదిహేడో వరుస దాకా సాగేది. ఒక్క ప్యానెల్‌పై నీడ పడినా దానితో కలిపినవన్నీ మందగిస్తాయి. ఎవరూ గమనించకముందే ఆయనే లాగ్‌బుక్కులో ఆ కారణం రాసి, సంఘపెద్దలను ఒప్పించి చెట్టు కొట్టించారు.

"ఏందయ్యా దేవదానం, సలోమి మీద ఆ కాస్త నీడ కూడా ఉండనియ్యవా?" అని ఆయన వదిన అందరి ముందూ అడిగేసింది.

తర్వాత కొన్నాళ్లకు, నాలుగున్నరకల్లా పదిహేడో వరుస గీత రోజూ కొద్దిగా కుంగసాగింది. ప్యానెల్ చెడిందేమోనని వెళ్లి చూశాను. సమాధి పక్కన ఎండకు వీపు పెట్టి ఆయన నిలబడి ఉన్నారు. ఆయన నీడ సమాధిని కప్పి, కంచె దాటి చివరి ప్యానెల్ మీద పడుతోంది.

"ఇక్కడేంటి సార్?"

"చెట్టు నేనే తీయించా గదరా. ఈ కాసేపు నీడ నేనే ఇస్తన్నా."

తిరిగొచ్చి, కారణం రాయాల్సిన గడిలో స్వహస్తాలతో రాశారు: "నీడ. నాది." వడగాడ్పుల్లో సైతం ఆ నిలబడటం మానలేదు. మళ్లీ ఆ వేళ అటు వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

సలోమి గారికి పడమటి పక్కనే ఆయన్ను సమాధి చేసి, చెక్క సిలువ నాటాం. మర్నాడు నాలుగున్నరకు పదిహేడో వరుస గీత కుంగింది. సాక్షాత్తూ ఆయనే నిలబడి ఉన్నారనుకుని పరుగెత్తాను. ఎవరూ లేరు. సిలువ నీడ ఆమె సమాధి మీదుగా సాగి, అదే ప్యానెల్ మీద పడి ఉంది. కారణం కళ్లారా చూశాక కూడా భయం పోలేదు.

నియమం ప్రకారం అడ్డాన్ని తీయించాలి. సింగరాయకొండలో టీచరుగా ఉన్న కరుణకు ఫోన్ చేసి చెప్పాను. "తీసేస్తారా అన్నా?" అంది. ఫోన్ పెట్టేసి లాగ్‌బుక్కు తీశాను. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎవరికీ తెలియదనిపించి పెన్ను మూసేశాను. పక్కన ఆయన కుర్చీ ఉంది. దాని వంక చూడలేక, మళ్లీ పెన్ను తీసి రాశాను: "నీడ. దేవదానం గారిది."

రోజూ అదే రాస్తున్నాను. పైవాళ్లు అడిగితే నిజమే చెబుతాను. ఆ సిలువను మాత్రం నా చేతులతో తీయలేను. అంతటి ఋజువర్తనుణ్ణి ఈ మైదానం మళ్లీ చూస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆయనకు నేనర్పించే నివాళి ఆ గడిలోని రెండు ముక్కలే.

నిన్న బాగా మబ్బు పట్టింది. వరుసలన్నీ ఒకేలా మందగించాయి. నాలుగున్నర దాటినా పదిహేడోది విడిగా కుంగలేదు. అయిదు దాకా తెర వంకే చూస్తూ కూర్చున్నాను. సార్ పోయారని నాకు అప్పుడు తెలిసింది.