తమ్ముడు తెచ్చిన దుబాసీలు

మా తమ్ముడు పోయాడు. రెండు వారాల కిందట బుధవారం పొద్దున, ఫ్యాక్టరీకి బయలుదేరుతూ బూట్లు వేసుకోవడానికి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. తిరువళ్లూరు నుంచి మరదలు ఫోను చేసినప్పుడు నేను పూజలో ఉన్నాను. నిజం చెప్పాలంటే, అంతకు ముందు ఆదివారం వాడిమీద వచ్చిన విసుగు అప్పటికింకా నాలో చల్లారలేదు.

ఆ విసుగంతా ఒక ల్యాప్‌టాప్ గురించి.

తిరుత్తణిలో మా ఇంట్లో కూర్చుని, ఆదివారాలు ఆరుగురు పిల్లలకు కంప్యూటర్లో తెలుగు నేర్పుతాను. మింజూరులో ఒకరు, అత్తిమంజేరిపేటలో ఇద్దరు, ఇలా అక్కడక్కడ ఉన్నవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే వచ్చు. నా పాత కంప్యూటరు పాడైపోయింది. నా దగ్గరున్నది బటన్ ఫోను. తమ్ముడు తన ల్యాప్‌టాప్ తెచ్చిచ్చాడు.

వాడు ఫ్యాక్టరీలో సర్వర్లు చూసుకునేవాడు. రాత్రీ పగలూ ఆగకుండా నడిచే కంప్యూటర్లవి. అక్కకిచ్చేది కూడా ఆగకూడదని, ఆ సర్వర్లలో వేసే సిస్టమే ఇందులోనూ వేశాడు. తాళం వేసిన గదిలో ఉండే యంత్రం కోసం తయారైన సిస్టం. దానికి వైఫైతో పనిలేదు, కెమెరాతో పనిలేదు, పలకడం అసలే అక్కర్లేదు.

"ఏమప్పా, ఇది ఉలకదు పలకదు?" అన్నాను.

"డ్రైవర్లు ఎక్కలేదక్కా. డ్రైవరంటే దుబాసీ. సిస్టం మాట వైఫైకి చెప్తాడు, స్పీకరుకి చెప్తాడు. ఇదేమో, నువ్వెవురు, పో అవతలికి అంటా ఉండాది."

"మామూలుదే ఎయ్యరా మరి."

"అదెల్లాం వేణాంక్కా, వద్దు. ఇది ఒకసారి నిలబడిందంటే పదేండ్లు నిలబడతాది."

వైఫై లేనిదే వైఫై డ్రైవరు దింపుకోలేం. వాడు తిరువళ్లూరులో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని రైల్లో వచ్చేవాడు. చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాకే ల్యాప్‌టాప్ మూత తెరిచేవాడు. ఫైలు నొక్కితే, ఈ సిస్టానికి ఇది పనికిరాదని తెరమీద పడేది. ఆ ఫైలును విప్పి దీనికి సరిపడేలా మార్చాలంటే వాళ్లింట్లో ఉన్న కంప్యూటరు కావాలి. మళ్లీ తిరువళ్లూరు, మళ్లీ వచ్చే ఆదివారం.

"దీన్నే ఎత్తుకుపోయి మీ ఇంట్లో చెయ్యరాదా?" అంటే వినడు.

"యాడ పని చెయ్యాల్నో ఆడనే సరి చెయ్యాల."

వాడికున్న సెలవు ఆ ఒక్కరోజే. అది నాకిస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. పాఠాలు ఆగిపోయాయి. పిల్లల అమ్మలు, "ఇంకొక్క వారం చూస్తామక్కా, లేదంటే ఆ టైముకి హిందీ ట్యూషన్లో ఏసేస్తాం" అన్నారు.

మూడో ఆదివారం వైఫై వచ్చింది, కెమెరా వెలిగింది. "పట్టుకునిందక్కా!" అని కేకేశాడు. శబ్దం మాత్రం రాలేదు.

"నువ్వు మురుగనుకి చెప్పుకో, నేను డ్రైవరుకి చెప్పుకుంటా" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

"నీ మొండితనానికి నా పిల్లలు చెదిరిపోతారురా."

గడియారం పెట్టుకున్నాడు. "వచ్చే వారం దీని నోరు తెరిపిస్తా" అని రైలుకి వెళ్లిపోయాడు. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

వాడు పోయాడని తెలిసి అమ్మలు ఇంకో వారం ఓర్చుకున్నారు. రిపేరు కొట్లో అతను ల్యాప్‌టాప్ చూసి, "ఉన్నదంతా తుడిచేసి మామూలుది ఏస్తే ఒక పూట పనక్కా. అన్నీ వాటికవే పలుకుతాయి" అన్నాడు. సోమవారం తెచ్చిస్తానని చెప్పాను. పిల్లలు ముఖ్యం. తుడిస్తే, వాడు ఒక్కొక్కటిగా రైల్లో మోసుకొచ్చినవన్నీ పోతాయి. పోనీ.

నిన్న ఆదివారం మాత్రం ల్యాప్‌టాప్‌ను వాడు వదిలిన తీరులోనే తెరిచాను. శబ్దం ఉండదని అమ్మలకు ముందే చెప్పాను. ఆరుగురూ వచ్చారు. పెదవులు కనబడే మాట కావాలి కనుక, పలకమీద 'మామ' అని రాసి కెమెరా ముందు పట్టుకున్నాను.

ఆరు గళ్లలో ఆరు నోళ్లు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి, విడిపోయాయి. చప్పుడు లేదు. నెట్టు నిదానంగా వచ్చే మింజూరు పాప మాత్రం, అందరూ ఆగిపోయాక, ఒక్కతే ఇంకా పెదవులు కలుపుతూ ఉంది.