పత్తిచేలో పడిన దుప్పి

ఆ పోస్టింగులో నాకు మొదటి నుంచీ కుదురు లేదు. సత్తెనపల్లి నుంచి బస్సులో పడమరగా చాలాసేపు పోతే, పత్తి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. పశువుల ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు రేకుల పంచ, గేదెల్ని కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం. నేను ఒంగోల్లో పుట్టి పెరిగాను. సాయంత్రమయితే సముద్రం గాలి రావాలని ఒంటికి అలవాటు. ఇక్కడ సాయంత్రాలు గాలి కదిలేది కాదు. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు మాత్రం ఇంట్లోకి వచ్చి కూర్చునేది.

మా ఆయన గుంటూరులో ఒక ప్రైవేటు కంపెనీలో చేసేవారు. కరెంటు సబ్‌స్టేషన్లకు వెళ్ళి, ఏ జాయింటు వేడెక్కుతోందో థర్మల్ కెమెరాతో చూసి చెప్పడం ఆయన పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగేదాన్ని. గేటు గడియ పెట్టానా లేదా అని లేచి చూసేదాన్ని, వచ్చి పడుకుని మళ్ళీ లేచేదాన్ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్నాయి. మా ఇంట్లో సిగ్నల్ మేడ మెట్ల మీద ఒక్కచోటే అందేది. ఎవరూ ఫోన్ చెయ్యకపోయినా వెళ్ళి అక్కడ నిలబడేదాన్ని.

పత్తి రెండో తీత నడుస్తున్న రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం, ఫారెస్టు గార్డు మోపెడ్ మీద ఆసుపత్రికి వచ్చాడు. యాభై దాటిన ముస్లిం పెద్దమనిషి, ఆ పక్క ఊరే. ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాడు, ఆ రోజు బండి ఆపకముందే మాట మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మగారూ, దుప్పినొకదాన్ని లారీ కొట్టిందండి. ఆడది. చచ్చిపోలేదు. వెనక కాలు ఈడ్చుకుంటా పత్తిచేలో పడింది."

"ఏ చేలో?"

"రోడ్డు పక్కనే. అడుగు పెడితే ఆ చేను ఆవిడ ఊరుకోవట్లేదు. మీరొస్తే వింటదేమోనని."

ఆ చేను నలభై అయిదేళ్ళ మనిషిది. భర్త పోయాక తనే దున్నించుకుని, తనే కూలీలతో కలిసి తీసేది. మేము వెళ్ళేసరికి గట్టు మీద చీర కుచ్చెళ్ళు దోపుకుని నిలబడి ఉంది. కాయలు పగిలి చేనంతా తెల్లగా ఉంది. పత్తి మొక్కలు నా భుజాల దాకా ఎదిగాయి. మధ్య మధ్య కంది సాళ్ళు ఇంకా ఎత్తుగా ఉన్నాయి.

"అమ్మా, మీరు చదువుకున్నోళ్ళు, చెప్తే అర్థం చేసుకుంటారు," అంది ఆమె నాతో. "ఇంతమంది పడి తొక్కితే పత్తంతా మట్టిపాలు. నిన్నటిదాకా ఆ దుప్పులే వచ్చి మేసిపోయినయ్. ఇప్పుడు దానికోసం మీరు."

"ఇద్దరమే వెళతాం అక్కా. సాళ్ళ మధ్యనే నడుస్తాం. దాన్నట్లా వదిలేస్తే కుక్కలు బతికుండగానే పీకుతాయి."

ఆమె చేను అవతలి గట్టు వైపు చూసింది. నాలుగైదు ఊరకుక్కలు అక్కడ అప్పటికే తచ్చాడుతున్నాయి. పక్కకు జరిగి దారిచ్చింది.

రక్తం చుక్కలు పట్టుకుని కొంతదూరం పోయాం. ముందురోజు నీళ్ళు పెట్టిన సాళ్ళ దగ్గర చుక్కలు బురదలో కలిసిపోయాయి. మాకు ముందు ఎక్కడో ఆకులు కదిలినట్టయ్యేది, ఆగితే ఏమీ ఉండేది కాదు. దుప్పులు దెబ్బ కన్నా భయంతోనే ఎక్కువ చస్తాయని చదువుకున్నాను. తరిమి పట్టుకుంటే చేతిలో బాగానే ఉంటాయి, తర్వాత ఉన్నట్టుండి గుండె ఆగుతుంది. వెతకడమే దాన్ని చంపుతుందేమో, వెతక్కపోతే కుక్కలు చంపుతాయి. పొద్దు వాలుతుంటే గార్డుతో, "ఇక చాలు, వెనక్కి పదండి," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పంచలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నారు. పక్కనే కెమెరా పెట్టె. ఆ వారం పల్నాటి వైపు పనులుండి, కంపెనీకి తిరిగి ఇవ్వకుండా తనతో తెచ్చుకున్నారు.

"మీ కెమెరాలో దుప్పి కనిపిస్తుందా?" అని అడిగాను, మంచినీళ్ళయినా ఇవ్వకుండా.

ఆయన నా మొహం చూశారు. "వేడిగా ఉండేది ఏదయినా కనిపిస్తుంది. ఏమయింది?"

చెప్పాను. కంపెనీ వస్తువు, చేలోకి తీసుకుపోతే ఏమయినా అయితే ఎట్లా అని కాసేపు ఆలోచించారు. తర్వాత విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నారు.

చేను మూల మోటారు గది ఉంది. దాని స్లాబు మీదికెక్కి, చీకటి పడుతుండగా కెమెరా తిప్పి చూశారు. తెర నిండా తెలుపే. పగలంతా ఎండ తాగిన నల్లరేగడి, గట్టు రాళ్ళు, మా కింద మోటారు, దూరంగా మిరప కల్లాలు, అన్నీ వెలుగుతున్నాయి.

"ఇప్పుడు లాభం లేదు," అన్నారు. "నేల చల్లారాలి. తెల్లవారుజామున అయితే ఒంటి వేడి విడిగా తెలుస్తుంది."

"అప్పటిదాకా ఉంటుందా అది?"

"నాకెట్లా తెలుస్తుంది? డాక్టరువి నువ్వు."

కోపం వచ్చింది, అందులో తప్పేమీ లేకపోయినా. గార్డు కుక్కల్ని తోలుతూ రాత్రికి గట్టు మీదే ఉంటానన్నాడు. నేను ఇంటికి వచ్చి సంచి సర్దాను, విప్పాను, మళ్ళీ సర్దాను. మత్తు మందు మోతాదు మేకకు తెలుసు, గేదెకు తెలుసు. దుప్పికి నేనెప్పుడూ ఇవ్వలేదు. మెట్ల మీద నిలబడి, కాలేజీలో నాకు పాఠం చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మోతాదు చెప్పి, "కళ్ళకు గుడ్డ కట్టమ్మా. మనిషి గొంతు వినపడనీయకు," అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తూర్పు ఇంకా తెల్లబడకముందే స్లాబు మీదికి చేరాం. చేను ఆవిడ కూడా వచ్చింది, తల చుట్టూ తువ్వాలు కట్టుకుని. ఈసారి తెర నల్లగా ఉంది, అక్కడక్కడ తెల్లటి మచ్చలు. మొదటి మచ్చ పెద్దది, కదలకుండా ఉంది. అదేననుకున్నాను. ఆమె ఆ దిక్కు చూసి, "అది మా పేడదిబ్బ," అంది. రెండోది గట్టు కింద ముడుచుకుని పడుకున్న కుక్క. ఆకు అడ్డం వస్తే కెమెరాకు ఏమీ కనపడదు, సాళ్ళ సందుల్లోంచే చూడాలి. మా ఆయన స్లాబు ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ ఒక్కో సాలూ చూసుకుంటూ పోయారు. తెల్లారితే మళ్ళీ నేల వేడెక్కుతుందని నేను మాటిమాటికీ తూర్పు వైపు చూస్తున్నాను.

"అదిగో," అన్నారు ఆయన మెల్లగా. కంది సాళ్ళ మొదట్లో మసక మచ్చ. దాని కొసన సన్నగా ఒకటి కదిలింది. చెవి.

ఆయన పైనే ఉండి చేత్తో దిక్కు చూపించాలని, మేము మాట్లాడకుండా వెళ్ళాలని అనుకున్నాం. చేను ఆవిడ నన్ను వెనక్కి నెట్టి తను ముందు నడిచింది. ఒక్క కొమ్మ విరగలేదు, ఒక్క కాయ రాలలేదు. నేను ఆమె అడుగులోనే అడుగు వేశాను. వెనక గార్డు.

దుప్పి గడ్డం నేలకు ఆనించి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి కూలబడింది. ఆమె తలమీది తువ్వాలు విప్పి, ఒక్క ఊపున దాని కళ్ళ మీద వేసి, తలను ఒళ్ళోకి అదుముకుంది. గార్డు నడుము పట్టుకున్నాడు. నేను సూది వేశాను. దాని గుండె కొట్టుకోవడం నా మోకాలికి తెలుస్తోంది. కాసేపటికి మెడ బరువుగా వాలింది.

వెనక కాలు మడమ కీలు కింద విరిగింది. ఎముక బయటికి వచ్చింది. కడిగి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాను. ఆమె పత్తి నిలవచేసే గది చీకటిగా, చప్పుడు లేకుండా ఉంటుందని అక్కడికి మోసుకుపోయాం. తీసిన పత్తి కుప్ప మీదే పడుకోబెట్టింది. తెల్లారేసరికి ఊళ్ళోవాళ్ళు వాకిట్లో మూగారు. ఆమె గడప మీద నిలబడి, "ఇక్కడేం సినిమా ఆడుతుందిరా చూడటానికి? పోయి పనులు చూసుకోండి," అని అందర్నీ పంపేసింది.

ఆదివారమంతా అది నీళ్ళు ముట్టలేదు. నేను ఆ గదికీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం మా ఆయన, "కట్టు విప్పి కాలు చూపించు ఒకసారి," అన్నారు కెమెరా తీస్తూ. కట్టు కోసం బొచ్చు కత్తిరించిన చోట చూశారు. తొడ తెల్లగా, మోకాలు తెల్లగా, విరిగిన చోట బూడిద రంగు. దాని కింద గిట్ట దాకా నలుపే, గది గోడ ఉన్నంత చల్లగా.

"రక్తం పోవట్లేదు కదూ," అన్నారు.

చేత్తో ముట్టుకున్నప్పుడే అనుమానం వచ్చింది, కాదనుకున్నాను. ఇప్పుడు తెర మీద చూశాక కాదనుకోవడానికి లేదు. ఆ కాలు ఉంచితే చీము పట్టి చస్తుంది. తీసేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు. గార్డు తన పై అధికారికి ఫోన్ చేసి వచ్చాడు. "మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యమన్నారండి," అన్నాడు.

నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. చేను ఆవిడ పక్కకు వచ్చింది.

"మూడు కాళ్ళతో అది అడివిలోకి పోలేదు కదమ్మా," అంది.

"పోలేదు. కంచె వేసి ఉంచేచోట ఉండాలి."

"చావటం కన్నా మేలే. చెయ్యి మరి. లాంతరు తెస్తా."

ఆమె లాంతరు పట్టుకుంది. మా ఆయన రక్తం చూడలేక మొహం తిప్పుకునే పళ్ళెం అందించారు. మళ్ళీ మత్తు ఇచ్చి, చర్మం కోసి రక్తనాళాలు కట్టడం మొదలుపెట్టాను. చాలా నెలలుగా నా ఒంట్లో ఉన్న కుదురులేనితనం అంతసేపు ఎక్కడికో పోయింది. కుట్లు వేసి చేతులు కడుక్కుంటుంటే మళ్ళీ వచ్చేసింది.

సోమవారం ఆయన మొదటి బస్సుకి కెమెరా పెట్టెతో వెళ్ళిపోయారు. "ఏదో ఒకటి ఫోన్ చేసి చెప్పు," అన్నారు బస్సు మెట్టు మీంచి. పొద్దెక్కాక నేను వెళ్ళి గది తలుపు సందులోంచి చూశాను. దుప్పి తల ఎత్తి ఉంది. ఆమె పడేసిన కంది ఆకు నములుతోంది. నన్ను చూసి నమలడం ఆపింది. తలుపు మూసి, ఆయనకు చెప్పడానికి ఇంటి మెట్ల దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

గాయం ఆరాక ఫారెస్టు జీపు వచ్చి దాన్ని జింకల పార్కుకు తీసుకుపోయింది. చేను ఆవిడ జీపులో పచ్చి కంది మండలు వేసింది. మాసిన పత్తిని విడిగా తీసి, దిండ్లు కుట్టించుకుంటానంది.

ఆ తర్వాత ఎండాకాలంలో, వేరే పని మీద వెళ్ళినప్పుడు, దాన్ని ఉంచిన కంచె దగ్గరికి వెళ్ళాను. మందలో ఏదో మొదట తెలియలేదు. మేత వెయ్యగానే అన్నీ కదిలాయి, ఒకటి మాత్రం మూడు కాళ్ళ మీద ఎగిరెగిరి వచ్చింది. బొద్దుగా ఉంది, ఒళ్ళు నున్నగా మెరుస్తోంది. గొంతు వినపడనీయకుండా కంచె పట్టుకుని నిలబడ్డాను. గాలి నా వైపు నుంచి వీచినట్టుంది. అది తలెత్తి, ముక్కు కదిపి, మిగతావాటికన్నా ముందు అవతలి మూలకు దూకి పోయింది. నీడలోకి వెళ్ళి నిలబడి, నేను వెళ్ళేదాకా మేత దగ్గరికి రాలేదు.