రంగు వేయని మెడ

మా మామ పోయాడన్న కబురు ఫోనులో వచ్చింది. చిత్తూరులో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో నేను పనివాడిని. గ్యాసు మంట పట్టుకుని ఒక పట్టీ అతికిస్తున్నాను. యజమాని గడప దగ్గరే నిలబడి, "ఏమప్పా, తిరపతి ఆసుపత్రి నుంచి ఫోను. మీ మామ పోయినాడంట" అన్నాడు. నేను మొదట చేసిన పని ఏడవడం కాదు. మంట ఆర్పాను. సిలిండరు వాల్వు బిగించాను. గొట్టంలో మిగిలిన గ్యాసు వదిలాను. చెవి పెట్టి, బుస లేదని విన్నాను. ఆ తర్వాతే నేల మీద కూర్చున్నాను. ఆ జాగ్రత్త నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తాను భయపడుతూ, నన్ను భయపెడుతూ ఆయన నేర్పింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. లారీ షెడ్లలో వెల్డింగు చేసీ చేసీ ఊపిరి పాడుచేసుకుని, చివరికి ఇంటి వెనక రేకుల కొట్టంలో సొంతంగా పని పెట్టుకున్నాడు. వీధిలో ఆయనకు 'పిరికి మేస్త్రీ' అని పేరు. ఆ పేరులో అబద్ధమేమీ లేదు. బస్సెక్కితే తలుపు పక్క సీటు దొరికేదాకా నిలబడే వచ్చేవాడు. దిగే దారి చూసుకోకుండా ఎక్కడా కూర్చునేవాడు కాదు.

పెట్రోలు టాంకికి చిల్లు పడితే చాలామంది కడిగి ఆరబెట్టి మంట పెట్టేస్తారు. ఆయన సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి, మళ్లీ కడిగి, చిల్లు కిందిదాకా నీళ్లు నింపితే తప్ప మంట ముట్టించడు. ముట్టించే ముందు ఇంట్లో అందరినీ వీధిలోకి తరిమేవాడు. కోళ్లను కూడా. మా అత్త పొయ్యి మీద చారు వదిలేసి, కోడిపెట్టను చంకలో పెట్టుకుని బయటికొచ్చి, వీధంతా వినపడేలా అనేది: "పెండ్లినాడు తాళి కట్టేదానికే ఈ మనిషికి చేయి వణికింది. ముడి సరిగా పడిందా లేదా అని మళ్లీ మళ్లీ లాగి సూసినాడు. నా మెడ కందిపోయింది తల్లీ!"

లోపలి నుంచి ఆయన గొంతు: "ఇంతవరకూ ఊడలేదు గదా!"

మోటారు సైకిలు ఆలోచన నాది. కొత్త బండి కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకోవాలి. నాలాంటివాడికి కాచుకునే అర్హత కూడా లేదు. మా యజమాని కొడుకు కొత్త బండి మీద షెడ్డులోకి వచ్చి, దిగకుండానే మాకు పని చెప్పి పోయేవాడు. నాకు కడుపు మండేది. పలమనేరులో సొంతంగా వెల్డింగు అంగడి పెట్టుకుని ఆ షెడ్డు మొహం మళ్లీ చూడకూడదని పంతం పట్టాను. రోజూ పోయి రావడానికి బండి కావాలి. కొనలేకపోతే కడతాను అనుకున్నాను.

పాత ఇనుము అంగట్లో మిలిటరీ వేలం నుంచి వచ్చిన ఇంజను దొరికింది. దాన్ని మోసే ఛాసీ మాత్రం దొరకలేదు. ఇంకో బండి ఛాసీని కోసి, పొడుగు చేసి, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కూర్చునే గొట్టాన్ని కొత్తగా అతికించాలి. ఆ గొట్టాన్నే మేం మెడ అంటాం. బండి బరువూ, తోలేవాడి ప్రాణమూ ఆ అతుకు మీదే ఉంటాయి.

మామ ఇంజను చుట్టూ తిరిగి చూశాడు. "దీన్ని యాడ తోల్తావు?"

"పలమనేరుకు. మొగిలి ఘాటు మీద."

ఆయన మొహం పాలిపోయింది. "దిగేటప్పుడు మెడ ఇరిగితే ఏమైతాదో తెలుసునా?"

"తెలుసు."

"తెలీదు. తెలిసినోడు అంత గట్టిగా చెప్పడు."

అయినా వద్దనలేదు. చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. ఆదివారాలన్నీ ఆ కొట్టంలోనే గడిచాయి. కోశాం, అతికించాం, ఆకురాయితో గీకాం, మళ్లీ కోశాం. టాంకికి ఎర్ర రంగు కొట్టాను. ఛాసీకి కొట్టాను. మెడ దగ్గరికి కుంచె పోగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దానికొద్దు."

"అంతా ఎర్రగా ఉండి మెడొక్కటి బోసిగా ఉంటే ఊరోళ్లు నవ్వరా మామా?"

"నవ్వనీ. రంగేస్తే ఇనుము నోరు మూసినట్టే. అది ఏమన్నా చెప్పాలనుకుంటే చెప్పే దారుండాల."

మా లారీ షెడ్డులో రంగు చేసే పని వేరు. చెడ్డ అతుకు మీద పుట్టీ పెట్టు, రంగు కొట్టు, పంపించు. అతుకు వేసినవాడు రోడ్డు మీద ఉండడు. ఉండేది డ్రైవరు, క్లీనరు. ఈ మాట పైకి అన్నందుకు అక్కడ తిట్లు తిన్నాను. ఇప్పటికీ అంటాను.

ఆయుధపూజ మర్నాడు ఘాటెక్కాలని ముహూర్తం పెట్టుకున్నాను. పండక్కి ముందు బండినంతా కిరసనాయిలుతో తుడిచాం. పండగనాడు అత్త బండికి దండ వేసి, బోసి మెడ మీద తడి విబూదితో అడ్డగీతలు దిద్ది, నడుమ కుంకుమ పెట్టింది. బూడిద గుమ్మడికాయ కొట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. బొరుగులూ శనగలూ తింటూ కూర్చున్నాం. విబూది ఆరి తెల్లబడింది.

"ఇదేంది, ఈడ ఎంటిక అతుక్కోనుండాది?" అని అత్త వేలితో తీయబోయింది. రాలేదు. అది వెంట్రుక కాదు. అతుకు అంచున, తెల్లటి విబూది మీద, సన్నటి నల్ల గీత. అత్త తుడిచి మళ్లీ విబూది పెట్టింది. ఆరాక అదే చోట అదే గీత మళ్లీ తేలింది.

"గంగమ్మ గీసిందిరా నాయనా! బండి తీయొద్దు" అని అత్త లెంపలేసుకుంది.

మామ చేతిలో బొరుగులు నేల మీద పడ్డాయి. వంగి ఆ గీత దగ్గర వాసన చూశాడు. "గంగమ్మో, కిరసనాయిలో. లోపల పగులుండాది. తుడిచినప్పుడు కిరసనాయిలు దాంట్లో దూరింది. ఇప్పుడు విబూదిలోకి ఊరతా ఉండాది."

వెల్డర్లు కొందరికి ఈ కిటుకు ఎప్పటి నుంచో తెలుసని తర్వాత విన్నాను. మాకు మాత్రం ఆ రోజు అత్త విబూది చెప్పింది.

"కనపడీ కనపడని గీత మామా. పైన ఇంకో పూత వెల్డింగు పోస్తే సరిపోతాది" అన్నాను.

"పోస్తే పగులు పోదురా. దాక్కుంటాది." రంపం తీసుకున్నాడు. బండి మెడలో పూలదండ కూడా తీయలేదు. దండ పక్కన రంపం పెట్టి కోయడం మొదలుపెట్టాడు. అన్ని ఆదివారాల పని నా కళ్ల ముందు పొట్టు పొట్టుగా రాలుతుంటే నాకు పిచ్చి రేగింది. వీధిలోకి వినపడేలా అరిచాను: "నువ్వు పిరికోడివి మామా! ఊరంతా అనేది నిజమే!"

ఆయన దగ్గుతూ కోశాడు. కోస్తూనే అన్నాడు: "అను. ఎంతసేపన్నా అను. బతికుండే నోటితో అను."

కొత్త మెడకు రెండు పక్కలా బలం పట్టీలు వేశాం. ఆ రోజు నుంచి ఆయన దగ్గర ముగ్గుపిండి డబ్బా ఒకటి చేరింది. అతుకు మీద కిరసనాయిలు పూయడం, ఊరనిచ్చి గుడ్డతో తుడవడం, ముగ్గుపిండి చల్లడం, కూర్చుని చూడడం. గీత రాకపోయినా లేచేవాడు కాదు. "రాలేదు గదా, లెయ్ మామా" అంటే, "ఇంకొంచేపు. తొందరపడేటోడికి అది కనపడదు" అనేవాడు.

మొదటిసారి ఘాటుకు నేనొక్కడినే పోతాననుకున్నాను. ఆయన చొక్కా జేబులో చిన్న డబ్బా వేసుకుని, కిరసనాయిలు గుడ్డ మడిచి పట్టుకుని వెనక ఎక్కాడు.

"నీకు భయం గదా మామా?"

"అందుకే వస్తా ఉండా. నువ్వొక్కడివి పోతే ఆ భయమంతా నేను ఇంట్లో కూర్చోని పడాల. దానికన్నా ఇది మేలు."

ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడే తెలిసింది నాకు భయమంటే ఏమిటో. ముందు చక్రం మీదికి బరువంతా వాలిపోతోంది. వెనక లారీ హారను కొడుతోంది. పక్కన లోయ. నా నడుం పట్టుకున్న ఆయన వేళ్లు వణుకుతున్నాయి. కాసేపటికి ఆ వణుకు ఆయనదో నాదో తెలియలేదు. ఒక మలుపులో చక్రం గుంతలో పడింది. ముందు నుంచి 'టక్' అని వినపడింది.

"ఆపు!"

ఎలా ఆపానో గుర్తులేదు. ఆయన రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెడకు గుడ్డ రుద్ది, తుడిచి, ముగ్గుపిండి చల్లాడు. మమ్మల్ని దాటుతున్న లారీలోంచి క్లీనరు తల బయటికి పెట్టి, "ఏం పెద్దాయనా, బండికి పెండ్లి జేస్తా ఉండావా?" అని అరిచాడు.

"అవునప్పా, భోంచేసి పో!" అన్నాడు మామ, కళ్లు మెడ మీది నుంచి తీయకుండానే.

గీత రాలేదు. చప్పుడు చేసింది ముందు దీపం పట్టీ. దాని బోల్టు వదులైంది. ఆయన దాన్ని బిగించాడు. బిగించాక కూడా లేవలేదు. ఇంకొంచేపు చూశాడు.

ఆ తర్వాత దగ్గు ముదిరింది. తిరుపతి ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడితే ఆయన నా ఆరోగ్యం అడగలేదు, తనది చెప్పలేదు. ఊపిరి కూడగట్టుకుని అడిగిన మాట ఒక్కటే: "మెడ సూసినావా?" చూశానని చెప్పాను. నమ్మినట్టు తల ఊపాడు గానీ, ఆయన కళ్లు నమ్మలేదు.

దినాలనాడు పంక్తిలో ఒకాయన, "మంచోడే పాపం, కాకుంటే వొట్టి పిరికోడు" అన్నాడు. విస్తరి ముందు నుంచి లేచి చెప్పాను: "ఆ పిరికోడు కోసి పారేసిన మెడ మీద నేను పోయుంటే, ఈ కూడు నువ్వు నా దినాలకు తినుంటావు." అత్త వచ్చి నా విస్తరిలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

షెడ్డు పని మానేశాను. పలమనేరులో నా అంగడి రేపు మొదటిసారి తెరవాలి. ఆయన మంచం పట్టినప్పటి నుంచి బండి కొట్టంలోనే ఉంది. ఈ పొద్దున దాన్ని ఎండలోకి తోసుకొచ్చాను. రేపటి నుంచి ఘాటు నేనొక్కడినే దిగాలి. వెనక వణికే వేళ్లు ఉండవు. ఆ భయమంతా ఇక నా ఒక్కడిదే. మెడకు కిరసనాయిలు పూశాను, ఊరనిచ్చాను, తుడిచాను. అడగకుండానే అత్త ముగ్గుపిండి డబ్బా తెచ్చి, ఆయన కూర్చునే పీట మీద కూర్చుంది. పిండి చల్లాను. చూశాం. మెడ తెల్లగా ఉంది. గీత లేదు. నేను లేవబోయాను.

"ఇంకొంచేపు ఉండు నాయనా" అంది అత్త.

మళ్లీ కూర్చున్నాను. గాలి లేచింది. పిండి ఎగిరిపోకుండా ఆమె ముందుకు వంగి, మెడకు అడ్డంగా కొంగు పట్టుకుంది.