రోగిని చూపిస్తేనే గ్రాంటు

1963వ సంవత్సరం. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఒక సంత ఊరు. రాస్తున్నది కుష్ఠు క్లినిక్కు గురించి కాబట్టి ఊరి పేరు చెప్పను. పశువుల సంత పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, మాత్రల డబ్బా, నేను. వారానికోసారి, సంత రోజున మాత్రమే తెరిచేవాణ్ణి. నేను డాక్టర్ని కాను, పారా మెడికల్ వర్కర్ని. ఊళ్ళు తిరిగి ఒంటిమీద తిమ్మిరి మచ్చలున్నవాళ్ళను కనిపెట్టడం, వాళ్ళచేత మానకుండా మాత్రలు మింగించడం నా పని. పైగా పుట్టు పిరికివాణ్ణి. రావలసిన బస్సు కాస్త ఆలస్యమైతే ఎక్కడో బోల్తా పడి ఉంటుందని ఖాయం చేసుకునే రకం.

మా క్లినిక్కును నడిపేది నరసరావుపేటలో కొందరు డాక్టర్లూ వ్యాపారులూ కలిసి పెట్టిన చిన్న సేవా సంఘం. రోగుల దగ్గర దమ్మిడీ తీసుకునేవాళ్ళం కాదు. మాత్రలూ, నా జీతమూ, షెడ్డు అద్దె, అన్నీ ఒక పెద్ద ధర్మసంస్థ ఇచ్చే గ్రాంటు మీదే నడవాలి. గ్రాంటంటే తిరిగి ఇవ్వక్కర్లేని సొమ్మే గానీ, ఊరికే వచ్చే సొమ్ము కాదు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ నమ్మకం కలిగించాలి.

మేమిచ్చే మందు డాప్సోన్. తెల్లటి చిన్న మాత్ర. దాన్ని ఏళ్ళ తరబడి మింగాలి. మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ తల ఎత్తుతుంది, నరాలు చచ్చి వేళ్ళు వంకరపోతాయి. గ్రాంటు ఆగిందంటే నా జీతం పోవడం అటుంచి, నా రోగుల వేళ్ళు పోతాయి. ఆ భయంతోనే నాకు ఎప్పుడూ సగం నిద్రే.

ఇంకో చిక్కు ఉంది. ఏ ఊరి రోగీ ఆ ఊరి క్లినిక్కుకు రాడు. ఈ ఊరివాళ్ళు పక్క ఊరికి పోతారు, ఆ ఊరివాళ్ళు ఇక్కడికొస్తారు. సంత రోజైతే ఎవరికీ అనుమానం రాదు. సంచి పట్టుకుని, మిరపకాయలు బేరమాడుతూ వచ్చి, షెడ్డు వెనక తలుపులోంచి దూరి, మాత్రలు సంచి అడుగున పెట్టుకుని పోయేవాళ్ళు. ఎవరి పేరూ ఎవరికీ చెప్పనని ప్రతి ఒక్కరికీ నేను మాటిచ్చాను.

సొంత ఊళ్ళోనే మందు తీసుకున్నవాడు ఒక్కడే, కోటయ్య. సంత వీధిలో అతనికి కాఫీ హోటలుంది. వీపు మీద అరచేతంత మచ్చ. అంటుకునే రకం కాదు, చొక్కా వేసుకుంటే కనపడేదీ కాదు. ప్రతి సంతకూ నాకు కాఫీ తెచ్చే వంకతో వచ్చి, ఖాళీ గ్లాసుతోపాటు మాత్రల పొట్లం పట్టుకెళ్ళేవాడు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. చెప్తే ఆ నోటా ఈ నోటా బయటపడి హోటలు మూతపడుతుందని అతని భయం. కాదనడానికి నాకూ నోరు రాలేదు.

ఆ ఏడు గ్రాంటు ఇచ్చేవాళ్ళు కొత్త షరతు పెట్టారు. ఎక్కడో ఏదో సంఘం లేని రోగుల పేర్లు రాసి డబ్బు తిన్నదట. అందుకని, పేర్లు ఎవరైనా రాస్తారు, మాకు మనుషుల్ని చూపించండి అన్నారు. నేను మా సెక్రటరీ గారి ఇంటికి పరుగెత్తాను.

"వాళ్ళను వద్దనలేం దేవదానం. ఆ రోజు నలుగురైనా లోపల ఉండేట్టు చూడు" అన్నారాయన.

"వస్తే రానివ్వండి గానీ, జీపు ఊరి బయటే ఆపమనండి సార్. మీకు దణ్ణం పెడతా."

చెప్పానన్నారు. వాళ్ళు మాత్రం సరాసరి షెడ్డు గుమ్మం ముందుకే తెచ్చి ఆపారు. ఎండకు నడవలేమనుకున్నారో ఏమో! దిగినవాళ్ళిద్దరు, ఒక ఆఫీసరు గారు, ఒక డాక్టరమ్మ. డ్రైవరు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. అప్పటికే సంతలో సగం తలలు మావైపు తిరిగాయి.

ఇక మొదలైంది నా నరకం. నా రోగులు ఒక్కొక్కరే కనపడుతున్నారు. నీలం చీర కట్టుకున్న ముసలమ్మ జీపును చూసింది, అడుగు తడబడింది, అటే వెళ్ళిపోయింది. గొర్రెల బేరగాడు నా కళ్ళలోకి చూసి తల తిప్పుకున్నాడు. ఒక బడిపంతులు షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి చివరికి బస్సెక్కాడు. అందరూ నాకు తెలుసు. ఒక్క వేలు చూపించి "అడుగో" అంటే గ్రాంటు నిలబడుతుంది. ఆ వేలు ఎత్తకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎవరూ రారేమండీ?" అన్నారు ఆఫీసరు గారు.

"వస్తారండీ. సంత సర్దుమణిగాక వస్తారు."

"పొద్దుటి నుంచీ ఇదే మాట చెప్తున్నారు."

కోటయ్య కాఫీలు తెచ్చాడు. ముగ్గురికీ, గుమ్మంలో డ్రైవరుకీ ఇచ్చి గ్లాసుల కోసం గోడవార నిలబడ్డాడు. ఆఫీసరు గారు రెండు గుక్కలు తాగి, డాక్టరమ్మతో అన్నారు.

"మనం చూసిందే రాయాలి. ఇక్కడ చూసింది ఏమీ లేదు. రికమెండ్ చెయ్యడం నా వల్ల కాదు."

నేను మాత్రల డబ్బా ఆయన ముందుకు జరిపాను. అంతలో కోటయ్య గోడవార నుంచి ముందుకొచ్చాడు.

"ఏంది బాబూ, రోగి కనపళ్ళేదని మందాపేస్తారా? నేను రోగినే. చూసుకోండి."

చొక్కా పైకెత్తి వీపు తిప్పాడు. డాక్టరమ్మ చప్పున లేచి, కళ్ళు మూసుకోమని, దూది పోగుతో మచ్చ మీద రాసింది.

"తగిలిందా?"

"ఎక్కడ?"

మచ్చ పక్కన రాసింది. "ఆఁ, ఇప్పుడు తగిలింది."

ఆమె చొక్కా కిందికి దించి, తన గ్లాసు తీసుకుని మిగిలిన కాఫీ తాగేసింది. అంటుకునే రకం కాదండీ, అని ఆఫీసరు గారికి చెప్పింది. ఆయన తలూపారు గానీ గ్లాసు మళ్ళీ ముట్టుకోలేదు. అంతవరకైతే ఆ మాట నాలుగు గోడల మధ్యే ఉండేది. గుమ్మంలో డ్రైవరు "ఓర్నాయనో, పెద్దరోగపోడి కాఫీ తాగించారే!" అంటూ గ్లాసెడు కాఫీ వీధిలోకి విసిరికొట్టాడు. సంతంతా చూసింది.

గ్రాంటు వచ్చింది. పోయిన ఏటికంటే కాస్త ఎక్కువే ఇచ్చారు. మరుసటి సంతకు నా రోగులందరూ వచ్చి మాత్రలు పట్టుకెళ్ళారు. కోటయ్య కాఫీ లేకుండా వట్టి చేతులతో వచ్చాడు.

"ఎందుకు చెప్పావయ్యా?" అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

"మీ కోసమనుకున్నారా సారూ? నా చేతి ఏళ్ళ కోసం. ఏళ్ళు వంకరపోతే కాఫీ ఎవడు తాగుతాడు? ఆ ఇద్దరూ ఎళ్ళిపోయేవాళ్ళే గదా అనుకున్నా. డ్రైవర్ని మర్చిపోయా. మా ఇంటిది చానా ఏడ్చింది. రోగమొచ్చినందుక్కాదు, తనకి చెప్పనందుకు."

హోటలు బల్లలు ఖాళీగా ఉండేవి. సంతకొచ్చే నా రోగులైనా వెళ్ళి తాగుతారనుకున్నాను. వాళ్ళు అసలే వెళ్ళలేదు. అక్కడ కూర్చుంటే తామూ ఆ బాపతేనని జనం అనుకుంటారని వాళ్ళ భయం. నేనొక్కణ్ణే వారం వారం కూర్చుని తాగేవాణ్ణి. చివరికి కోటయ్య హోటలు ఎత్తేసి, భార్యతో సాగర్ డ్యాము పనుల దగ్గరికి వెళ్ళి, కూలీల మధ్య టీ కొట్టు పెట్టుకున్నాడు. అక్కడికే మాత్రలు చేరవేశాను.

కొన్నేళ్ళకు మచ్చ మీద స్పర్శ తిరిగొచ్చింది. మా సంఘం డాక్టరు పరీక్షించి కేసు మూసేశారు. ఆ కబురు చెప్పడానికి డ్యాము దగ్గరికి నేనే వెళ్ళాను. కోటయ్య నవ్వలేదు.

"జబ్బు సంగతి సంత మొత్తానికీ తెలిసిందిగా. నయమైన సంగతి మనకే తెలుసు. అదీ చెప్పండి సారూ సంతలో, నా పేరు పెట్టే చెప్పండి."

చెప్పాను. పిరికివాణ్ణి, అయినా ఆ తర్వాతి సంతకు వెళ్ళి, పాత హోటలు పక్కన కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, నలుగురూ వినేట్టు చెప్పాను. కొట్టతను మంచివాడే. శ్రద్ధగా విన్నాడు.

"మీరు చెప్పాక నమ్మకుండా ఎట్టా ఉంటాం సారూ? పాపం, మంచోడు. కానీ మాకిప్పుడు ఆ మూల కొత్త హోటలు అలవాటయిందిగా" అన్నాడు.

గ్రాంటు ఆగితే మళ్ళీ అడగొచ్చు, ఇంకొకర్ని అడగొచ్చు. మనిషి దాచుకున్నది బయటపడ్డాక లోపలికి తోయడం ఎవరి వల్లా కాదు. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ, మా రోగుల్ని చూపించం అని ప్రతి దరఖాస్తులో ముందే రాయించాను. ఒకటి రెండు గ్రాంటులు అందువల్లే పోయాయి. పోతాయేమోనని ప్రతిసారీ వణికాను, అయినా ఆ వాక్యం కొట్టేయనివ్వలేదు.