కాగితం మీది యజమాని

తెలంగాణ వచ్చిన ఐదో ఏడు, యాసంగి కోతల కాలంల, నన్ను భువనగిరి దిక్కు పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారుగా ఏసిన్రు. సర్కారు రైతుల దగ్గర కొన్న వడ్లను మిల్లులకు అప్పజెప్తది; మిల్లు వాళ్లు బియ్యం పట్టి తిరిగియ్యాలె. ఇచ్చిన వడ్లు ఉన్నయా లేవా చూసుడు నా పని.

ఒక మిల్లు నుంచి ఎన్ని నోటీసులిచ్చినా బియ్యం రాలె. సాక్ష్యానికి ఇద్దరు పంచులను తీసుకొని పోయిన. గోదాముకు తాళం ఉంది. కాంటా కాడ కూసునే గుమాస్తా ఖాజామియా, "తాళంచెవులు పెద్దసారు ఇంట్ల ఉంటయి సార్, తెప్పిస్త, జర కూసోండ్రి" అన్నడు. పెద్దసారంటే ఆ మిల్లు కట్టించిన మాజీ ప్రజాప్రతినిధి. గంటసేపు కూసున్నంక ఆయన డ్రైవరు చెవుల గుత్తి తెచ్చిండు.

లోపల బస్తాలు కప్పు దాక పేర్చి ఉన్నయి. మామూలుగైతే ముందర వరుసలు లెక్కవెట్టి పొడుగు, ఎడల్పు, ఎత్తు గుణిస్తం. ఆ దినం నాకు నమ్మబుద్ధి కాలె. హమాలీలతోని నడిమి బస్తాలు దింపిచ్చిన. ముందటి రెండు వరుసలే వడ్లు, ఎనుకదంత ఊక బస్తాలు. నాకు ఒళ్లు మండింది.

పంచనామా రాసేటప్పుడు మిల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగిన. ఖాజామియా తెచ్చిన లీజు కాగితంల మిల్లు కిరాయికి తీసుకున్నది తనే అని ఉంది. ఇరవై ఏండ్లు నౌకరి చేసిన మనిషి, పెద్దసారు సంతకం పెట్టుమంటే పెట్టిండట. మిల్లు ఎవరిదో ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. కాగితంల ఉన్నదే రాసుడు మా అలవాటు. ఖాజామియా పేరు రాసిన. తాళంచెవుల ముచ్చట రాయలె.

కేసు ఖాజామియా మీద పడ్డది. రెవెన్యూ రికవరీ కింద, అంటే సర్కారు బాకీకి ఆస్తి జప్తు చేసే చట్టం కింద, ఆయనకున్న రెండెకరాలు పట్టుకున్నరు. మిల్లు కిరాయికిచ్చిన, నాకేం సంబంధమని పెద్దసారు రాసిచ్చిండు. చెవుల సంగతి నేను తర్వాత విడిగ రాసి పంపితే, పంచుల సంతకాలు లేవని వాపస్ వచ్చింది. తప్పు నాదే, ఎవరి మీద అరవాలె?

మరుసటేడు పెద్దసారు కొడుకు పేరు మీద అదే జాగాల కొత్త మిల్లు తెరిచిన్రు. దానికి వడ్లు కేటాయించిన ఉత్తర్వు నా చేతుల మీదుగనే పోయింది.

ఆ వారమే ఖాజామియా భార్య ఆఫీసుకొచ్చింది. చెవులు ఎవరింట్ల నుంచి వచ్చినయో మీరు కండ్లార చూసిన్రు గద, ఎందుకు రాయలేదని అడిగింది. రికార్డుల లేదమ్మా అన్న.

"రికార్డు రాసేది మీరే గద సారూ" అన్నది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాక, ఏ గోదాముకు పోయినా తాళం ఎవరు తీసిన్రన్నదే ముందుగాల రాసిన. ఖాజామియా రెండెకరాలు వేలంల పోయినయి.